గుట్ట మీద మా అయిదు వాట్లు

మా కైకలూరులో ఎత్తు అంటే చెరువు గట్టే. ఎటు చూసినా నీళ్లు, గట్టు, గట్టు మీద వరసగా కొబ్బరి మొక్కలు, మళ్లీ నీళ్లు. నేను పుట్టిన అత్తిలి కూడా ఇంతే చదును, కాకపోతే అక్కడ నీళ్ల బదులు వరి. నలభై ఆరేళ్లు వచ్చేదాకా నేను ఎక్కిన పెద్ద ఎత్తు ద్వారకా తిరుమల, అదీ బస్సులో. అలాంటిదాన్ని ఇప్పుడు చలికాలం రాగానే భుజాన సంచి తగిలించుకుని ఏజెన్సీ వైపు గుట్టలు ఎక్కుతున్నానంటే దానికి కారణం ఏలూరులో ఒక రేడియో మెకానిక్కు. వయసులో మా నాన్నగారి కంటే నాలుగైదేళ్లే చిన్న. ఊళ్లో అందరూ ఆయన్ని సాయిబుగారు అంటారు. నేను మాత్రం మాస్టారు అంటాను, ఎందుకంటే ఆయన నాకు చదువు చెప్పారు.

మాది చేపల మేత, రొయ్యల మేత అమ్మే కొట్టు. మా వారు బయటి తిరుగుడు చూసుకుంటారు, కౌంటరు నాది. చెరువు నీళ్లలో ప్రాణవాయువు ఎంత ఉందో చూపించే డీవో మీటరు ఒకటి కొట్లో ఉండేది, అడిగిన రైతులకు ఇచ్చేవాళ్లం. ఒకసారి అది ఎవరి చేతిలోనో నీళ్లలో పడి పాడైపోయింది. కంపెనీకి పంపితే నెల పడుతుందన్నారు. ఏలూరులో ఒకాయన ఏదైనా బాగు చేస్తారని ఎవరో చెబితే, వేరే పని మీద వెళ్తూ పట్టుకెళ్లాను.

చిన్న షాపు అది. అడ్డంగా ఒక బల్ల, బల్ల వెనక ఆయన, ఆయన వెనక గోడ నిండా సొరుగులు. మీటరు విప్పి చూస్తున్నారు. పక్కనే ఎక్కడినుంచో సన్నగా కూత వస్తోంది, ఆగుతూ, సాగుతూ. నేను అది మీటరే అనుకుని, అప్పుడే పని చేస్తోందా అండీ అని అడిగాను.

"మీటరు కాదమ్మా. శ్రీలంకలో ఒకాయన," అన్నారు తల ఎత్తకుండానే.

"ఏమంటున్నారండీ?"

"పొద్దుటినుంచీ వాన పడుతోందంటున్నారు."

అంతే. మళ్లీ మీటరులోకి తల దూర్చారు. నేను మాత్రం ఆ కూత వింటూ అక్కడే నిలబడిపోయాను. ఫోన్లో అమెరికా వాళ్లతో కూడా మొహాలు చూసుకుని మాట్లాడే కాలంలో, శ్రీలంకలో వాన పడుతోందన్న ముక్క నన్నెందుకు అంత కదిలించిందో ఇప్పటికీ సరిగా చెప్పలేను. మధ్యలో ఏ కంపెనీ లేకుండా, ఒక తీగ నుంచి ఇంకో తీగకు గాలిలోంచి నేరుగా వచ్చిందట ఆ మాట. వారం తర్వాత మీటరు తెచ్చుకోవడానికి వెళ్లినప్పుడు, అది నాకు వస్తుందా అండీ అని అడిగాను. ఎవరైనా నేర్చుకోవచ్చమ్మా, ప్రభుత్వం వారి లైసెన్సు ఉండాలి, పరీక్ష రాయాలి అని చెప్పి, నా మొహంలోకి చూసి, రేపట్నుంచే మొదలుపెడదామా అన్నారు.

ఆయన చదువు చెప్పే పద్ధతి వేరు. మోర్సు కోడు అంటే చుక్కలూ గీతలూ అని పుస్తకంలో చూసి, నేను బుద్ధిగా కాగితం మీద రాసుకుని వెళ్తే ఆ కాగితం తీసుకుని సొరుగులో పడేశారు. అక్షరాన్ని కళ్లతో చూడటం అలవాటైతే జన్మలో వేగం రాదని ఆయన నమ్మకం. చుక్కకు డిట్, గీతకు డా అని నోటితో అనేవారు. ఏ అంటే డి-డా. ఎన్ అంటే డా-డిట్. పాట నేర్చుకున్నట్టు నేర్చుకోమన్నారు. ఆయన రికార్డు చేసి ఇచ్చిన కూతల్ని ఫోన్లో వేసుకుని, కౌంటరు దగ్గర కూర్చుని వినేదాన్ని. కొన్నాళ్లకు నాకు తెలియకుండానే పెన్నుతో బల్ల మీద కొడుతూ ఉండేదాన్ని. మా వారు ఒకరోజు కాసేపు చూసి, "ఏవోయ్, ఇది మేత కొట్టా, టెలిగ్రాఫ్ ఆఫీసా?" అన్నారు. కోపంగా కాదు. ఆయనకు కోపం తక్కువ, వేళాకోళం ఎక్కువ.

హైదరాబాదు వెళ్లి పరీక్ష రాశాను. తర్వాత పోలీసు వెరిఫికేషను అని ఒక కానిస్టేబులు ఇంటికి వచ్చి, ఈ రేడియో ఎవరికండీ అని మా వారిని అడిగారు. మా ఆవిడకండీ అంటే నమ్మలేదు. నన్ను పిలిపించి, మా పక్కింటి వాళ్లను కూడా అడిగి, టీ తాగి వెళ్లారు. ఆ తర్వాత నెలలు గడిచాయి. నేనా కాగితం సంగతి మరిచిపోతున్న సమయంలో లైసెన్సు వచ్చింది. నాకంటూ ఒక కాల్ సైను, ప్రపంచంలో ఇంకెవరికీ లేని ఆరు అక్షరాల పేరు. ఆ రోజు మాస్టారి భార్య నా చేతిలో సేమ్యా గిన్నె పెట్టి, ఈయన ఇన్నాళ్లకు ఒకరిని పాస్ చేయించారమ్మా అన్నారు. అంతకు ముందు మొదలుపెట్టిన వాళ్లు అందరూ మధ్యలోనే మానేశారట.

ఇక ఇంటి డాబా మీద తీగ కట్టి, మాస్టారు ఇచ్చిన రిసీవరు పెట్టి ఆన్ చేశాను. హోరు. వేరే ఏమీ లేదు. ఇటు తిప్పినా అటు తిప్పినా సముద్రం దగ్గర నిలబడ్డట్టు హోరు. తీగ మార్చాను, మాస్టారు చెప్పినట్టు ఎర్తు వేశాను. అదే హోరు. చివరికి ఆయనే వచ్చారు. డాబా మీద చిన్న రేడియో చేత్తో పట్టుకుని నాలుగు మూలలా తిరిగారు. మా ఇంటికి మూడు వైపులా రొయ్యల చెరువులు. ఒక్కో చెరువులో నీళ్లను చిలికి గాలి ఎక్కించే ఏరియేటర్లు, వాటి మోటార్లు, ఆ మోటార్లకు కర్రల మీదుగా వేసిన కరెంటు వైర్లు. ఆ మోటార్లన్నీ కలిసి రేడియోలో అంత గోల చేస్తాయని నాకప్పటిదాకా తెలియదు. ఆయన తిరగడం ఆపి, "ఇక్కడ రొయ్యలు తప్ప ఎవరూ వినపడరమ్మా," అన్నారు. మా వారు పగలబడి నవ్వారు. నాకు ఏడుపు వచ్చింది.

ఏరియేటర్లు ఆపమనలేం కదా. అవి ఆగితే రొయ్యలు చస్తాయి, రొయ్యలు చస్తే మా మేత ఎవరు కొంటారు. అప్పుడు మాస్టారు తన మనసులో ఎప్పటినుంచో ఉన్న మాట బయటపెట్టారు. ప్రపంచంలో చాలా దేశాల్లో మనలాంటి వాళ్లు చిన్న రేడియో సంచిలో పెట్టుకుని కొండ శిఖరాలు ఎక్కుతారట. సామాను అంతా తమ వీపు మీదే మోసుకెళ్లాలి, కరెంటు వాడకూడదు, జనరేటరు వాడకూడదు. పైకెళ్లాక కనీసం నలుగురితో మాట్లాడితేనే ఆ కొండ లెక్కకు వచ్చినట్టు. అక్కడ మోటార్లు ఉండవు, వైర్లు ఉండవు, అంచేత చిన్న గొంతు కూడా దూరం వెళ్తుంది, దూరం నుంచి వచ్చే చిన్న గొంతు కూడా వినపడుతుంది. అయిదు వాట్లు చాలమ్మా అన్నారు. మా దేవుడి గదిలో ఎల్ఈడీ బల్బు ఏడు వాట్లు.

అప్పటికి ఆయనకు అరవై ఏడేళ్లు. అన్నేళ్లుగా పుస్తకాల్లో ఆ కొండల ఫోటోలు చూడటమే కానీ ఒక్కసారీ వెళ్లలేదు. తోడు లేక, అన్నారు.

రేడియో ఆయనే తయారు చేశారు, పిల్లలు స్కూలుకు తీసుకెళ్లే జామెట్రీ బాక్సులో. మోర్సు కూతలు కొట్టే కీ రంపం బ్లేడు ముక్కతో చేసింది. బ్యాటరీ నా అరచేతిలో పట్టేంత. అరవై అడుగుల సన్నటి తీగ, దాన్ని పైకి ఎత్తి నిలబెట్టడానికి మడిస్తే మూరెడు, తీస్తే ఇరవై అడుగులు అయ్యే ఫైబర్ గేలం కర్ర. ఆ కర్ర నేను కొన్నాను. వలలతో టన్నుల కొద్దీ చేపలు పట్టే కైకలూరులో గేలం కర్ర కొన్నది బహుశా నేనొక్కదాన్నే. రేడియో, బ్యాటరీ, తీగ, అన్నీ కలిపి అన్నం క్యారేజీ పెట్టుకునే సంచిలో సరిపోయాయి. మా వారు ఆ సంచి చేత్తో ఎత్తి చూసి, దీనికంటే నా క్యారేజీయే బరువు అన్నారు.

జంగారెడ్డిగూడెం దాటి, బుట్టాయగూడెం దాటి వెళ్తే ఆయిల్ పామ్ తోటలు అయిపోయి గుట్టలు మొదలవుతాయి. ఫారెస్టు ఆఫీసులో కాగితం పెట్టి, ఫలానా రోజు వెళ్తామని చెప్పి, ఒక మామూలు గుట్ట ఎంచుకున్నాం. దానికి పేరు ఉందో లేదో కూడా తెలియదు, కింద ఊరి వాళ్లు ఉత్త గుట్ట అంటారు. తెల్లవారుజామున మా మేత వ్యానులో బయల్దేరి ఏలూరులో మాస్టారిని ఎక్కించుకున్నాం. ఆయన తల చుట్టూ మఫ్లరు, కాళ్లకు కొత్త కాన్వాసు బూట్లు. వాళ్లావిడ గుమ్మంలో నిలబడి, మోకాళ్ల సంగతి మరిచిపోకండి అని మూడుసార్లు చెప్పారు.

ఎక్కడానికి గంటన్నర పట్టింది. జీడిమామిడి చెట్ల మధ్య నుంచి బాట, ఆ తర్వాత రాళ్లు, పొదలు. చదును నేల మీద పెరిగిన నా కాళ్లు పది నిమిషాలకే వణికాయి. మాస్టారు మాత్రం కుంటుతూనైనా నాకంటే ముందు నడిచారు. పైకి చేరి వెనక్కి తిరిగితే, మా వైపు అంతా మంచు కింద తెల్లగా పరుచుకుని ఉంది. అందులో ఎక్కడో మా కొల్లేరు ఉండాలి. నాకు కనపడలేదు.

కర్ర నిలబెట్టి, తీగ కట్టి, జామెట్రీ బాక్సు బండ మీద పెట్టి, ఇయర్ ఫోను చెరొకటి పెట్టుకున్నాం. స్విచ్చి వేయగానే నేను రేడియో చచ్చిపోయిందనుకున్నాను. అంత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలోంచి ఒక్కొక్కటిగా కూతలు తేలి వచ్చాయి, సన్నవి, లావువి, దగ్గరివి, ఎక్కడివో. మాస్టారు నా వైపు చూసి తల ఊపారు. అదే ఆయన నాకు చూపించాలనుకున్నది.

ముందు ఆయన పిలిచారు. ఎవరైనా ఉన్నారా, ఎవరైనా ఉన్నారా అని మోర్సులో పిలవడం. రెండో పిలుపుకే జవాబు వచ్చింది. కేరళలో సముద్రం ఒడ్డున ఉండే ఒక రిటైర్డు స్కూలు టీచరు. ముప్పై ఏళ్లుగా ప్రతి ఆదివారం పొద్దున ఆయనా మాస్టారూ ఇలా మాట్లాడుకుంటున్నారట. ఒకరినొకరు చూసింది లేదు, ఒకరి గొంతు ఒకరు విన్నది లేదు. ఫోన్ నంబర్లు ఉన్నాయి కదండీ, చేయొచ్చు కదా అని అడిగితే, ఎందుకో ఎప్పుడూ చేసుకోలేదమ్మా అన్నారు మాస్టారు, అప్పుడే ఆలోచించినట్టు. మోర్సులో ఒక్కొక్కరు కీ కొట్టే తీరు ఒక్కోలా ఉంటుంది. దాన్ని వాళ్లు చెయ్యి అంటారు. కేరళాయన కాల్ సైను చెప్పకముందే ఆయన చెయ్యి విని మాస్టారు గుర్తుపట్టేశారు.

తర్వాత నేను కూర్చున్నాను. చేతికి చెమటలు పట్టి కీ జారింది. బెంగుళూరు ఆయన ఒకరు నా తప్పుల్ని ఓపిగ్గా భరించి జవాబిచ్చారు. కంగారులో ఆయన చెప్పింది సగం రాసుకోలేకపోయాను.

అప్పుడే వెనక నుంచి ఎవరో, "ఏం చేస్తున్నారండీ?" అన్నారు. ఫారెస్టు వాచరు. కింద ఊరి కోయ ఆయన, నలభై ఏళ్లు ఉంటాయి, చేతిలో కర్ర. తీగనీ, కర్రనీ, టకటక కొడుతున్న నన్నూ మార్చి మార్చి చూస్తున్నారు. ఆఫీసు కాగితం, లైసెన్సు చూపించాను. ఆయన కాగితాల కంటే మాస్టారి తెల్ల గడ్డాన్నే ఎక్కువ నమ్మినట్టున్నారు. కూర్చున్నారు. మేము ఎవరితో మాట్లాడుతున్నామో చెబితే, బెంగుళూరులో మా బావమరిది ఉన్నాడండీ, వాడికి చెప్పగలరా అని అడిగారు. అది కుదరదని చెప్పడానికి మాస్టారికి చాలాసేపు పట్టింది.

ఆ రోజు మొత్తం ముగ్గురే దొరికారు. నాలుగో వారి కోసం ఎండెక్కేదాకా పిలిచాం. రాలేదు. అంటే ఆ గుట్ట లెక్కకు రానట్టే. నాకు ఉసూరుమనిపించింది. మాస్టారు మాత్రం దిగుతున్నంతసేపూ ఈల వేస్తూనే ఉన్నారు.

అలా మూడు చలికాలాలు తిరిగాం. నెలకో గుట్ట, ఒక్కోసారి రెండు. మా వారు మొదట్లో వ్యానులోనే కూర్చుని పేపరు చదువుకునేవారు. తర్వాత గేలం కర్ర మోస్తాను అని పైకి రావడం మొదలుపెట్టారు. పైకొచ్చి, గొడుగు పట్టుకుని, బండ మీద హాయిగా నిద్రపోయేవారు. నా చెయ్యి కుదురుకుంది. దొరికిన వాళ్ల కాల్ సైన్లు రాసుకునే లాగ్ బుక్కులో పేజీలు నిండాయి.

మూడో చలికాలంలో ఒక తేడా కనిపించింది. మాస్టారు కూత గొంతు తగ్గిస్తున్నారు. అంటే రేడియోలో ఆ కూత సన్నగా వినపడాలో బొంగురుగా వినపడాలో మార్చుకోవచ్చు. ఆయన ప్రతిసారీ ఇంకొంచెం బొంగురుగా పెట్టేవారు. ఇయర్ ఫోను పాతదైపోయిందనేవారు. ఒకటి రెండు కాల్ సైన్లు తప్పు రాశారు. ఆయన తప్పు రాయడం నేనెప్పుడూ చూడలేదు. షాపులో కూడా నేను ఒకటి అడిగితే ఇంకోటి చెప్పేవారు. వయసు అనుకున్నాను. అంతకు మించి అనుకోవడం ఇష్టం లేక అలా అనుకున్నాను.

ఫిబ్రవరిలో ఒక గుట్ట మీద ఆయన పిలుస్తున్నారు. వెంటనే జవాబు వచ్చింది, గట్టిగా, స్పష్టంగా, నా చెవిలో గణగణమంటోంది. మాస్టారు ఇయర్ ఫోను చెవికి అదుముకుని, రేడియో వైపే చూస్తూ కూర్చున్నారు. కాసేపాగి మళ్లీ పిలవడం మొదలుపెట్టారు, ఆ జవాబిచ్చే ఆయన మాట మీదే. అవతలాయన మళ్లీ జవాబిచ్చారు. మాస్టారు మళ్లీ పిలిచారు, ఎవరైనా ఉన్నారా, ఎవరైనా ఉన్నారా అని. మూడోసారికి నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఆయన తల తిప్పి నా మొహం చూశారు.  ఆయనకు అర్థమైపోయింది.

ఆయన లేచి తీగ చుట్టారు. ఎప్పుడూ నేను చుట్టేదాన్ని, ఆ రోజు ఆయనే చుట్టారు, చిక్కు పడకుండా, నెమ్మదిగా.  ఏలూరు వచ్చేదాకా వ్యానులో మా వారు కూడా వేళాకోళం ఆడలేదు.

తర్వాత ఆయన రావడం మానేశారు. ఫోను చేస్తే వాళ్లావిడ ఎత్తేవారు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లామమ్మా, చెవి నరం దెబ్బతిందట, ఒక చెవి పూర్తిగా పోయింది, రెండోదీ అదే దారిలో ఉందట అన్నారు. చెవి మిషను పెట్టారట. పెట్టుకుంటే అన్నీ రేకు డబ్బాలో గులకరాళ్లు పోసినట్టు వినపడుతున్నాయని తీసి సొరుగులో వేశారట. షాపు కూడా సగం రోజు మూసే ఉంటోందని చెప్పారు. వేసవి అలా గడిచిపోయింది. వానలు పడ్డాయి. ఒక్కదాన్నే వెళ్లి గుట్ట ఎక్కడానికి నాకు మనసు రాలేదు.

శ్రావణంలో ఒకరోజు వాళ్లింటికి వెళ్లాను. మాస్టారు చిక్కిపోయారు. నన్ను చూసి సంతోషించారు కానీ, మాట్లాడితే వినపడదని నేను బాధపడతానేమోనని ఆయనే ఆగకుండా మాట్లాడుతూ పోయారు. చివరికి లోపలికి వెళ్లి జామెట్రీ బాక్సు తెచ్చి నా ముందు పెట్టారు.

"నువ్వు తీసుకెళ్లమ్మా. నాకింక చాలు," అన్నారు.

నేను ముందుగా ఏమీ ఆలోచించుకుని వెళ్లలేదు. ఆయన చెయ్యి బాక్సు మీదే ఉంది. ఆ మణికట్టు మీద నా వేలు పెట్టి తట్టాను. డిట్ అంటే తాకి వదలడం, డా అంటే ఆనించి ఉంచడం. ఇంగ్లీషులో సండే అని తట్టడం మొదలుపెట్టాను. ఎస్, యూ, ఎన్. నాలుగో అక్షరం దాకా వచ్చానో లేదో,

"ఆదివారమా? ఏ ఆదివారం?" అన్నారు.

వంటింటి గుమ్మంలో నిలబడ్డ వాళ్లావిడ చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మాస్టారు మాత్రం నా వేలి వైపు చూసి, "నీ డా పొట్టిగా ఉందమ్మా. డిట్‌కి మూడింతలు ఉండాలి," అన్నారు. మాస్టారు మళ్లీ మాస్టారయ్యారు.

అది సులువని అనుకున్నాను. కాదు. చెవిలో వచ్చేదాన్ని వచ్చినట్టు వేలితో ఆయన చేతికి అందించాలి. నేను అక్షరాన్ని అర్థం చేసుకుని, ఆ తర్వాత తట్టబోతే రెండో అక్షరం వచ్చేసేది, మూడోది పోయేది. ఆదివారాలు ఏలూరు వెళ్లి, ఫోన్లో రికార్డింగులు వేసుకుని సాధన చేశాం. రెండు నెలలు పట్టింది నాకు ఒక సంగతి తెలియడానికి. అర్థం చేసుకోవడం మానెయ్యాలి. చెవికీ వేలికీ మధ్య నేను ఉండకూడదు. అలా వదిలేసిన రోజున ఒక పేజీ మొత్తం తప్పు లేకుండా వెళ్లిపోయింది. ఆయన గడగడా చదివి వినిపించారు. అందులో ఏముందో నాకు ఆయన చెబితేనే తెలిసింది.

డిసెంబరులో మళ్లీ బయల్దేరాం. మొదటిసారి ఎక్కిన గుట్టే, దగ్గరదని. మాస్టారు మధ్యలో నాలుగుసార్లు కూర్చున్నారు. వినికిడి పోయాక అడుగు తూలుతోందని ఆయన చెప్పలేదు, మా వారే గమనించి చెయ్యి అందించారు. పైకి చేరేసరికి ఎండ పడింది. మా వారు ఆ రోజు నిద్రపోలేదు. గొడుగు మా ఇద్దరి మీదా పట్టుకుని నిలబడ్డారు.

ఇయర్ ఫోను నేను పెట్టుకున్నాను. ఆయన ఎడమ మణికట్టు నా మోకాలి మీద, నా వేలు దాని మీద. ఆయన కుడి చెయ్యి కీ మీద. ఆయన పిలిచారు. ఏమీ లేదు. మళ్లీ పిలిచారు. ఏమీ లేదు. ఆయన నా మొహం వైపు చూడటం లేదు, కీ వైపే చూస్తున్నారు. నాలుగో పిలుపు తర్వాత, చాలా పల్చగా, ఒక కూత లేచింది. నేను తట్టడం మొదలుపెట్టాను. రెండో అక్షరానికే ఆయన చెయ్యి బిగుసుకుంది. కాల్ సైను పూర్తి కాకముందే ఎవరో ఆయనకు తెలిసిపోయింది. కేరళాయన.

అక్కడి నుంచి వాళ్లిద్దరి మధ్య నేనొక తీగనే. తర్వాత మాస్టారు చెప్పగా తెలిసింది ఏం మాట్లాడుకున్నారో. పది నెలలుగా ఏమైపోయావు, నీ గురించి ఏదేదో అనుకున్నాను అని కేరళాయన అడిగారు. మాస్టారు జవాబు కొట్టారు. అది నేను విన్నాను, ఎందుకంటే ఆయన కొట్టేటప్పుడు నా వేలికి పని లేదు. నా చెవులు అయిపోయాయి, నా శిష్యురాలు నీ మాటల్ని నా మణికట్టు మీద తడుతోంది అని.

జవాబు రాలేదు. ఎంతసేపంటే, సిగ్నలు పోయిందనుకుని నేను డయలు మీదికి చెయ్యి చాచాను. అప్పుడు మొదలైంది మళ్లీ. కానీ వేగం సగానికి సగం తగ్గిపోయింది. ఒక్కో అక్షరానికీ మధ్య బోలెడు చోటు వదిలి, పసిపిల్లలకు అన్నం ముద్దలు పెట్టినట్టు పంపుతున్నారు ఆయన. నా కోసం. అంత నెమ్మదిగా వస్తుంటే అర్థం చేసుకోకుండా ఉండటం నాకు సాధ్యం కాలేదు. నీ చెయ్యి అలాగే ఉంది మిత్రమా, ఏమీ మారలేదు, అని వచ్చింది. ఆ తర్వాత, నీ శిష్యురాలికి నా నమస్కారాలు చెప్పు, అని. నాకు పంపిన నమస్కారాన్ని నేనే ఆయన చేతి మీద తట్టాల్సి వచ్చింది. కళ్లు మసకేసి, వేలు తడబడింది.

"అది ఎల్ కాదమ్మా," అన్నారు మాస్టారు. "సరిగ్గా తట్టు. నీకే వచ్చింది."

మా వారు గొడుగు అటు తిప్పుకుని చాలాసేపు అడవి వైపు చూస్తూ నిలబడ్డారు.

ఆ తర్వాత ఇంకో ముగ్గురు దొరికారు. పుణె, శ్రీలంక, మళ్లీ బెంగుళూరు. నలుగురు పూర్తి. మాకు మూడేళ్ల కిందట లెక్కకు రాని గుట్ట ఆ రోజు లెక్కకు వచ్చింది. నిజం చెప్పాలంటే నాకు ఆ సంగతి దిగాక లాగ్ బుక్కు రాస్తుంటే తట్టింది.

ఏలూరులో వాళ్లింటి దగ్గర దింపినప్పుడు మాస్టారు బూట్లు విప్పుకుని, సోఫాలో వాలి, కేరళాయన ఏమన్నారో భార్యకు మొదటి నుంచి చివరిదాకా చెప్పారు. ఆవిడ విన్నారు. ఇన్నేళ్లలో ఆవిడ ఈ రేడియోల జోలికి వచ్చింది లేదు, దుమ్ము దులపడం తప్ప. నేను బయల్దేరుతుంటే గేటు దాకా వచ్చి నన్ను ఆపారు.

"ఆ తట్టేది నాకూ నేర్పమ్మా. ఈయన్ని అరిచి అరిచి నా గొంతు పోతోంది," అన్నారు.

అన్నీ ఒక్కసారి వద్దు, మూడు అక్షరాలతో మొదలుపెడదాం అన్నాను. టీ, ఈ, ఏ. ఒక డా, ఒక డిట్, ఒక డి-డా. గేటు మీద రెండుసార్లు తట్టి చూపించాను, ఆవిడ నాలుగుసార్లు తట్టి సరిచూసుకున్నారు. తర్వాతి ఆదివారం నేను వెళ్లేసరికి మాస్టారు వీధి వైపు వీపు పెట్టి, బల్ల మీద ఏదో సర్క్యూటు విప్పుకుని కూర్చున్నారు. ఆవిడ వెనక నుంచి వచ్చి ఆయన భుజం మీద ఆ మూడు అక్షరాలూ వరసగా తట్టారు, డా మూడింతల పొడుగుతో, చక్కగా. మాస్టారు తల ఎత్తకుండానే, చక్కెర తక్కువ వెయ్యి అన్నారు.